కొర్రపొట్టు దిండు

నేను ఐదో తరగతి దాకే చదువుకున్నాను. ఇట్లా రాయడం ఇదే మొదలు. మాటలు కుదరకపోతే ఏమనుకోవద్దు. మా ఇంట్లో ఒక దిండు ఉంది. తలకింద పెట్టుకునేది కాదు, కూర్చునేది. దాని గురించి చెప్పాలని ఉంది.

మా ఆయన పత్తికొండ టమాటా మార్కెట్లో హమాలీ. పొద్దస్తమానం బాక్సులు మోసి ఇల్లు చేరేసరికి ఒళ్లు పులిసిపోయేది. ఆ నొప్పి పేరు చెప్పి తాగుడుకు అలవాటు పడ్డాడు. పోయిన ఏడు తనంతట తానే మానేశాడు. మానేసినాక సాయంత్రం ఆ గంట గడవడమే కష్టమైంది. చేతులు వణికేవి. గుమ్మం దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చేవాడు.

మా వీధిలో రిటైరైన టీచరమ్మ ఇంట్లో బుద్ధుడి విగ్రహం ఉంది. ఆదివారం కొందరు చేరి దాని ముందు కళ్లు మూసుకుని, ఊపిరి మీద మనసు పెట్టి కూర్చుంటారు. మా ఆయనా పోయాడు. ఆమె ఇచ్చిన గుండ్రటి దిండు మీద కదలకుండా కూర్చున్నాడంటే నేను నమ్మలేదు. ఇంట్లో చాప మీద కూర్చుంటే మాత్రం మోకాళ్లు పైకి లేచి నొప్పి పెట్టేవి. కాసేపటికే లేచి చొక్కా వేసుకునేవాడు. చొక్కా చేతిలోకి తీసుకుంటే చాలు, మళ్లీ తాగడానికేనేమో అని నాకు భయం.

టీచరమ్మను అడిగాను. "అమ్మా, ఆ దిండులో ఏముండాదమ్మా?"

"ఏదో ధాన్యం పొట్టులేమ్మా, మన పక్క పండదు. నడుము ఎత్తు మీద ఉంటే మోకాళ్లు నేలకు ఆనుతాయి, అంతే."

పొట్టుకు మాకేం కరువు? విత్తనానికి శనక్కాయలు ఒలిచిన పొట్టు బస్తాలో అట్లే ఉంది. పాత పరుపుగుడ్డ గుండ్రంగా కుట్టి అది కూరాను. ఆయన కూర్చోగానే పటపటమని చప్పుడు. మంచం మీద కూర్చున్న మా అత్త పకపకా నవ్వింది.

"ఏమప్పా, ధ్యానం చేస్తాండావా, బొరుగులు ఏంచుతాండావా?"

"నువ్వు అట్ల నవ్వుతాంటే నాకు యాడ కుదురుతాది మా!" అని ఆయనా నవ్వేశాడు.

వారం తిరక్కుండానే పొట్టంతా నలిగి పిండి అయింది. దిండు అణిగిపోయింది. ఆ సాయంత్రం ఆయన దాన్ని మూలకు తన్నాడు. "నా మొగానికి ధ్యానమొకటి" అని చొక్కా వేసుకున్నాడు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"యాడికి?"

"యాడికో. పక్కకు జరుగు."

అత్త ఈసారి నవ్వలేదు. లేచి చెప్పులు వేసుకుంది. "ఒరే, నువ్వు పసిగుడ్డుగా ఉన్నప్పుడు తలకాయ గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టినా. కూచునే దానికీ అట్ల జారే సరుకుండాల. శనక్కాయ పొట్టు ఇరిగిపోతాది. కొర్రలు మరపట్టిస్తే వచ్చే పొట్టు శానా నున్నగా ఉంటాది. మిల్లు కాడికి పోదాం పా. ఒగదాన్నే నడవలేను, చెయ్యి పట్టుకో."

తల్లి చెయ్యి చాపితే ఎట్లా కాదంటాడు? పోయాడు. తిరిగొచ్చేసరికి భుజాన పొట్టు సంచి ఉంది, వెంట్రుకల నిండా పొట్టే. చీమలు పట్టకుండా చేటతో చెరిగి, గింజలు ఏరి, ఇంక పట్టనంత గట్టిగా కూరి కుట్టేశాను. ఆయన కూర్చున్నాడు. చప్పుడు లేదు. మోకాళ్లు మెల్లగా నేలకు ఆనాయి.

"నిద్రపోయినాడా ఏంది?" అత్త నా చెవిలో అడిగింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఇప్పుడు మార్కెట్ నుంచి రాగానే కాళ్లు కడుక్కుని దాని మీద కూర్చుంటాడు. కూర్చోని రోజులూ ఉన్నాయి. ఆ పూట నాకు అన్నం దిగదు. అయినా ఇంతవరకు మళ్లీ తాగలేదు.

నిన్న నేను తలుపు పక్కన నిలబడి చూస్తుంటే, కళ్లు తెరవకుండానే అన్నాడు. "కాపలా కాసింది సాల్లే. వచ్చి కూచో."

"నాకు దిండు యాడుండాది?"

"నీ మోకాళ్లు బాగనే ఉండాయి గదా!"

దుప్పటి మడిచి వేసుకుని పక్కన కూర్చున్నాను. నా ఊపిరి మీద మనసు నిలవలేదు గానీ, ఆయన ఊపిరి నిదానంగా వినపడింది.