అంచుల్లో నీలి సిరా

బడి గంట కొట్టగానే మనోరమ టీచరు సుద్దపొడి చేతులతోనే జహీరాబాద్ బస్టాండు పక్కన చెన్నబసప్ప అద్దె పుస్తకాల కొట్టుకు నడుస్తుంది. డిటెక్టివ్ నవలంటే ఆమెకు ప్రాణం; అందులో హీరోయినంటే ఒళ్లుమంట. ఎదుటి మనిషిని ఒక్క మాట అడిగితే తేలిపోయే గుట్టును ఆ పిల్ల రెండు వందల పేజీలు సాగదీస్తుంది. "నోరు లేదా ఈమెకు?" అని ముందు చదివినవారెవరో అంచుల్లో నీలి సిరాతో రాస్తుంటారు. రెండేళ్లుగా మనోరమ ఆ గుండ్రటి అక్షరాల కోసమే పేజీలు తిప్పుతోంది.

ఆ రోజు చెన్నబసప్ప, "టీచరమ్మా, పుస్తకాలల్ల రాసే సారు ఇప్పుడే రాయికోడ్ బస్సెక్కిండు. బస్సు ఇంకా కదల్లే. పేరు చెప్పాల్నా?" అన్నాడు. మనోరమ బస్సు కిటికీల వంక చూసి తల దించుకుంది.

"వద్దన్నా. ఆయన వాపసిచ్చిన పుస్తకం ఇయ్యి, చాలు."

బస్సు వెళ్లిపోయాక తెరిచింది. కొత్త హీరోయిన్ పేరు పక్కనే నీలి సిరా: "ఈమె కూడా అడగదు."