నేను యక్షిణిగా మాట్లాడిన ఆదివారం

దేవకన్యల వేషం వేసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాటకాల సంగతి కాదు నేను చెప్పేది. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసుకుంటూ, ఒకడు వీరుణ్ణని, ఇంకొకడు మంత్రగాణ్ణని చెప్పుకుంటూ నోటితో ఆడే కథల ఆట ఒకటుంది. అందులో ఎప్పుడో ఒకప్పుడు అడవిలోంచి ఒక మహాశక్తి ఊడిపడుతుంది. వరమిస్తానంటుంది, బదులుగా ఏదో అడుగుతుంది. దాని తరఫున మాట్లాడే పెద్దమనిషి వెంటనే గొంతు సన్నం చేసి, కళ్లు తిప్పి, పొడుపుకథ విప్పమంటాడు. నీ నీడ నాకిస్తావా, నీ నవ్వు నాకిస్తావా అని వయ్యారాలు పోతాడు. షరతులన్నీ వకీలు కాగితం చదివినట్టు వరసగా చదువుతాడు. అధికారం అంటే ఏమిటో జన్మలో ఒక్కసారి కూడా ఎదురుపడి చూడనివాళ్లే అలా ఆడతారు. నేను చూశాను. చూడటమేమిటి, దాని ఒళ్లో కూర్చుని పెరుగన్నం తిన్నాను.

ఎనభైల మొదట్లో నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆ ఆటను మా హాస్టల్‌కు బొంబాయి సీనియర్ ఒకడు తెచ్చాడు. ఓడ మీద పనిచేసే వాళ్ల మామ ఇచ్చిన పెట్టె అది. లోపల ఒక పుస్తకం, కొన్ని వింత పాచికలు. ఇరవై ముఖాల పాచికను మేము అప్పుడే చూడటం. దాన్ని మా చేతుల్లో పెట్టేటప్పుడు అతని మొహం చూడాలి, ప్రసాదం పంచుతున్నాననుకునేవాడు. పుస్తకం మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఇస్తే అందులో లేనివి తను ఎన్ని కల్పించి చెబుతున్నాడో తెలిసిపోతుందని భయం. ఆదివారం మధ్యాహ్నం మెస్‌లో తిన్నాక, కారమ్స్ బోర్డు తీసి గోడకు ఆనించి, ఐదుగురం ఆ బల్ల చుట్టూ చేరేవాళ్లం. కథ నడిపేది అతను, వినేది మేము.

ఆ ఐదుగురిలో ఒకడు తొర్రూరు పక్క పల్లెవాడు, మా అమ్మమ్మ ఊరివాడే. మా అమ్మమ్మది గడి, అంటే ఊరి దొరల పెద్ద ఇల్లు. అతని తండ్రి ఆ గడిలో జీతం ఉన్నాడు. నెల తిరగ్గానే చేతికొచ్చే జీతం అనుకునేరు. ఏడాది పొడవునా ఆ ఇంటికి కట్టుబడి చేసే చాకిరీకి మా దిక్కున ఆ పేరు. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే అతను నా గదికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"చిన్నదొరా, మా నాయిన మీ కాడ జీతం ఉన్నడని ఈడ ఎవ్వలకు చెప్పకుండ్రి. గింతే, ఇంకేం అడగ."

"నాకేం పని చెప్పనీకి? ఫికర్ చెయ్యకు. ముందుగాల ఆ దొర గిర అనుడు బంద్ చెయ్యి. నువ్వు అను నన్ను."

ఎంత గొప్పవాణ్ణో అనుకున్నాను ఆ పూట. నన్ను నువ్వు అనడానికి అతనికి మూడు నెలలు పట్టింది.

అతను అలా వచ్చి అడిగిన పది రోజులకు డ్రాయింగ్ షీటు ఇవ్వాల్సి వచ్చింది. నా షీటు మీద గీతల కన్నా రబ్బరు మరకలే ఎక్కువ. అతను చూసేలా దాన్ని బల్ల మీద పరిచి, మాట్లాడకుండా దానివైపే చూస్తూ కూర్చున్నాను. "ఇటియ్యుండ్రి, నేను గీస్త" అన్నాడు. నేను అడగలేదని ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను. ఆ తర్వాత నా షీట్లన్నీ అతనే గీశాడు. ఒక ఊరివాళ్లం కదా, స్నేహం అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

క్లాసులో లెక్చరర్ ఏదడిగినా నేలచూపులు చూసే ఆ మనిషి ఆదివారం మధ్యాహ్నం వేరే మనిషి. ఆటలో అతనిది వీరుడి పాత్ర. నిలువెత్తు కవచం, ఇనుప జోళ్లు. "నువ్వు ఎన్కకుండు. నువ్వు దివిటీ పట్టు. నేను ముందల పోత" అని హుకుం జారీ చేసేవాడు. మాలో మంత్రగాడైన హన్మకొండ వకీలు కొడుకు, ఇంట్లో మంచినీళ్లు కూడా తన చేత్తో ముంచుకోనివాడు, నోరు మూసుకుని దివిటీ పట్టేవాడు. వారానికి ఆ రెండు గంటలు అతనివి. తండ్రి సంగతి బయటపడితే ఆ రెండు గంటలు పోతాయని అతనికి తెలుసు, నాకూ తెలుసు.

కథలో అడవి దాటాలంటే యక్షిణి అనుమతి కావాలి. పుస్తకంలో దానికి నోరు తిరగని పేరేదో ఉంది, యక్షిణి అన్నది మేము పెట్టుకున్నది. బొంబాయివాడు రెండు ఆదివారాలు ఆ యక్షిణిని ఆడించాడు. కిలకిలా నవ్వడం, చెయ్యి గాల్లో తిప్పడం, పాట పాడితే దారి ఇస్తాననడం. నేను ఓపిక పట్టలేక అన్నాను, "ఇది యక్షిణా, రికార్డింగ్ డ్యాన్సా?" అతనికి కోపం వచ్చి, చేతనైతే నువ్వే మాట్లాడు అన్నాడు. సరే అన్నాను.

మా అమ్మమ్మ గొంతు పెంచగా నేను వినలేదు. ఎవరినీ ఏదీ అడిగేది కాదు. వచ్చినవాణ్ణి తిన్నావా అని పలకరిస్తుంది. పిల్లలకు జ్వరం తగ్గిందా అంటుంది. తర్వాత మాట ఆపి, చీల్చకుండా పడున్న కట్టెల వైపు చూస్తుంది. సాయంత్రానికి కట్టెలు చీల్చి పేర్చి ఉంటాయి. ఎందుకు చీల్చావని ఆమె అడగదు, ఏమిస్తావని అతనూ అడగడు. రేపు వాడి పిల్ల పెళ్లికి ఆమె అడ్డం పడుతుందా, అండగా నిలుస్తుందా అన్నది ఆమె ఇష్టం. బేరం అంటే అదీ. వీళ్ల పొడుపుకథల యక్షిణులు నాలుగు రోజులు ఆమె దగ్గర పని నేర్చుకోవాలి.

నేను కుర్చీలో వెనక్కి ఒరిగాను. కళ్లు సగం మూసి, నోట్లో లేని పాన్ నములుతూ కూర్చున్నాను. వకీలు కొడుకు మంత్రగాడు వచ్చి పద్యంలాంటిది చదివాడు. వినిపించుకోలేదు. ఇంకొకడు సాష్టాంగపడ్డానన్నాడు. చూడలేదు. చాలాసేపు అలాగే నమిలి, తల తిప్పకుండా, అచ్చం అమ్మమ్మ గొంతుతో వీరుడి వైపు ఒక మాట వేశాను.

"ఎవడ్రా అది, గుంజ సాటుకు నిలవడ్డది? ఎప్పుడచ్చినవ్? తిన్నవా?"

అతను లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి జరిగింది. కాళ్లకున్న రబ్బరు చెప్పులు విడిచి, వంగి, రెండూ చేతిలోకి తీసుకున్నాడు. గడి ముందు నుంచి వెళ్లేవాళ్లు అలా చెప్పులు చేత పట్టుకునే వెళ్లేవాళ్లు.

"ఇప్పుడే అచ్చిన, దొరసానీ. తిన్న."

అందరూ పడీ పడీ నవ్వారు. ఇనుప జోళ్ల వీరుడు భలే నటిస్తున్నాడనుకున్నారు. నటన కాదని తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. అప్పుడే ఆపేసి ఉండవచ్చు. దగ్గినా సరిపోయేది. కానీ నా గొంతు అంత బాగా కుదిరిందని నాకు తల తిరిగిపోయింది. అదే గొంతుతో అన్నాను:

"కాళ్లు గుంజుతయ్, కూసోరాదు బిడ్డా."

అతను కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. బొంబాయివాడు మాత్రం చప్పట్లు కొట్టి, క్యా యాక్టింగ్ హై అని, వీరుడికి అదనంగా పాయింట్లు వేశాడు. గాడిద. వకీలు కొడుకు అలాంటి ఇంటి నుంచే వచ్చినవాడు, అతనికి ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు.

"అరే, మీ నాయిన గడిల జీతం ఉంటడా?" అన్నాడు మెల్లగా.

నేల మీద ఉన్న మనిషికి తను ఎక్కడున్నాడో అప్పుడు తెలిసింది. లేచి, చెప్పులు వేసుకుని, "ఔ" అన్నాడు. బయటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం అతని గదికి పరుగెత్తాను. క్షమించమని అడగడానికి కాదు, నా మీదికి రాకుండా చూసుకోవడానికి. "నేనేం చెప్పలేరా, నీకు తెలుసు గద" అన్నాను. "నువ్వేం చెప్పలే. నేనే లేచిన" అన్నాడు. గుండెల మీద బరువు దిగినట్టయింది. మాట తప్పకుండానే మనిషిని ముంచే యక్షిణుల గురించి ఆ పుస్తకంలో పేజీలకు పేజీలు ఉండేవట. ఆ సాయంత్రం నాకు కలిగిన ఆ తేలికదనాన్ని తలుచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

మరుసటి ఆదివారం అతను వచ్చాడు. వీరుడు ముందు నడుస్తానన్నాడు. "తిన్నవా బిడ్డా?" అన్నాడు వకీలు కొడుకు, మిగతావాళ్లు నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను. ఆ తర్వాత అతను ఆటకు రాలేదు. దివిటీ పట్టేవాడే వీరుడయ్యాడు.

పదిహేను రోజులకు డ్రాయింగ్ షీటు గడువు వచ్చింది. ఈసారి నేనే ఎలాగో గీద్దామని కూర్చున్నాను. అతను చుట్టిన షీటు తెచ్చి ఇచ్చాడు. నాకు సిగ్గేసింది, నిజంగానే.

"ఇంక ఎందుకురా గీసుడు? అందరికీ ఎరుకైపాయె గద. చెప్పకు అన్నందుకు ఇన్ని రోజులు గీసినవ్. ఇప్పుడు ఆ అక్కర లేదు" అన్నాను.

అతను నావైపు ఆశ్చర్యంగా చూశాడు. ఇంత చదివి ఇంతేనా అన్నట్టు చూశాడు.

"అందుకని గీస్తాన్న అనుకున్నరా?" అన్నాడు. "మా అవ్వ, నాయిన ఇంకా దొరసాని కాడనే చేస్తాన్రు గద, చిన్నదొరా."

షీటు తీసుకుని విప్పాను. కింద కుడి మూల నా పేరు, నా రోల్ నంబరు అప్పటికే రాసి ఉన్నాయి, అచ్చం నా చేతిరాతలో.