చిన్నవెంకటమ్మ తీసేసిన రెండు రోజులు

ముళబాగిలుకు ఆరు కిలోమీటర్ల దూరంలోని ఒక పల్లెలో, నలభై రెండేళ్ల వయసులో, చిన్నవెంకటమ్మ లెక్కల పరీక్ష తప్పింది. పాల సొసైటీలో పాలు పరీక్షించే పనికి ఏడో తరగతి లెక్కలు వస్తే చాలన్నారు. ముప్పై ఐదు మార్కులు రావాలి; ముప్పై మూడే వచ్చాయి. ఆమెను ముంచింది నాలుగు మార్కుల లెక్క ఒకటి: రోజుకు నలభై కిలోల ఆకు తినే పట్టుపురుగులకు పన్నెండు రోజులకు ఎంత ఆకు కావాలి? ఆమె నాలుగు వందల కిలోలని రాసింది.

ఇరవై ఏళ్లుగా పురుగులు పెంచుతున్న మనిషి ఆ లెక్క తప్పడమేమిటని సొసైటీ సెక్రటరీ అనంత్ నవ్వాడు. పెంచుతున్నది కాబట్టే తప్పింది. కొన్న పిల్ల పురుగులు ఇంటికొచ్చాక గూడు కట్టేలోపు రెండుసార్లు జ్వరానికి కూర్చుంటాయి. పాత తోలు వదిలే ఆ రోజు తలెత్తుకుని కదలకుండా ఉంటాయి, ఆకు ముట్టవు. ఆ రెండు రోజుల్నీ ఆమె చెయ్యి తనంతట తానే తీసేసింది.

మళ్లీ పరీక్ష ఆరు నెలలకు. ఆ సాయంత్రమే ఆమె ఊరి బళ్లో లెక్కలు చెప్పే వత్సల దగ్గరికి వెళ్లింది.

“నా తప్పు యాడ ఉండాదో చూపించండి మేడమ్.”

వత్సల కాగితం తిప్పి చూసింది. “గుణకారం సరిగానే ఉంది. కానీ ఇందులో జ్వరం మాట ఎక్కడుందమ్మా?”

“పురుగన్నాక జ్వరం రాకుండా ఉంటాదా?”

“కాగితం మీది పురుగుకు రాదు. ఇచ్చింది ఒక పక్క రాయండి, అడిగింది ఒక పక్క. మధ్యలోకి మీ పురుగుల్ని రానివ్వకండి.”

అదేమన్నా సులువా? లెక్కల పుస్తకాల లోకమే వేరు. అక్కడ తొట్టికి చిల్లు పడితే పూడ్చే నాథుడుండడు, ఎంతసేపటికి ఖాళీ అవుతుందో చూస్తూ నిలబడతారు. రైలు కదిలితే గమ్యం దాకా ఆగదు. అలాంటి బండి ఎక్కడైనా ఉందేమో మారికుప్పంలో పొద్దున్నే బెంగళూరు రైలెక్కే వాళ్లను అడగాలి. ఆ లోకంలోకి పోవాలంటే తనకు తెలిసినదంతా గుమ్మం బయట విడిచి వెళ్లాలి. చిన్నవెంకటమ్మకు అదే కష్టమైంది. ఆరుగురు ఎనిమిది గంటల్లో కోసే ఆకును నలుగురు ఎన్ని గంటల్లో కోస్తారంటే ఎనిమిదే అని రాసింది.

“పన్నెండు కదా!” అంది వత్సల.

“ఆరుగురు చేరితే ఇద్దరు మాట్లాడుకుంటానే ఉంటారు మేడమ్.”

వత్సల నవ్వుతూనే ఆ జవాబు కొట్టేసింది. చిన్నవెంకటమ్మ నవ్వలేదు. అలాంటి లెక్కలే ఇంకో ఇరవై అడిగి రాసుకుని వెళ్లింది.

ఆకు కోత, మేత, పాలు పిండడం. వీటి మధ్య తీరిక ఎక్కడిది? పురుగులకు జ్వరమొచ్చిన రోజే ఆమెకు బడి. పురుగుల పడకల మీద సున్నం చల్లేసి, గుమ్మంలో కూర్చుని, చీకటి పడేలోపు నలభై లెక్కలు చేసేది.

“ఇంగ రెండు జడలు కూడా వేసుకోమ్మే,” అనేవాడు భర్త మునిశామప్ప.

“నువ్వు రిబ్బన్లు తెచ్చియ్యప్పా, వేసుకుంటా. అంతదాకా ఆవుకు నీళ్లు పెట్టు.”

ఆరు నెలల్లో మూడు నోటుబుక్కులు నిండాయి. రెండోసారి పరీక్షలో రైలు లెక్క వచ్చింది: గంటకు నలభై ఐదు కిలోమీటర్ల వేగంతో రెండు గంటల్లో ఎంత దూరం? పెన్ను కాగితానికి ఆనించి ఆగింది. దారిలో బంగారుపేట స్టేషన్లో నిలవదా ఈ బండి? ఇచ్చింది ఒక పక్క, అడిగింది ఒక పక్క రాసింది. బంగారుపేట పేరు ఎక్కడా లేదు. పళ్లు బిగించి తొంభై అని రాసింది.

డెబ్బై ఒక్క మార్కులొచ్చాయి.

పనిలో చేరిన వారానికి, అనంత్ వచ్చే నెల పాలు అంచనా వేస్తున్నాడు. “రోజుకు రెండొందల లీటర్లు, ముప్పై రోజులు. ఆరు వేలు.”

“అంత రాదు సారూ,” అంది చిన్నవెంకటమ్మ, శాంపిల్ సీసా కడుగుతూ. “అక్కయమ్మ ఆవులు రెండూ చూడితో ఉండాయి. ఎనిమిదో తేదీ దాటితే పిండేది ఆపేస్తాది. రెండూ కలిపి రోజుకు పదహారు. ఇరవై రెండు రోజులకు మూడొందల యాభై రెండు తీసెయ్యండి.”

అనంత్ తలెత్తాడు. “పోయినసారి నిన్ను తప్పించింది ఈ తీసివేతే కదమ్మా?”

“అది కాగితం పురుగు సారూ. ఇది అక్కయమ్మ ఆవు.”

అనంత్ ఆరు వేలు కొట్టేశాడు. ఆమె అప్పటికే తర్వాతి క్యాను మూత తీస్తోంది.