మూగపిల్ల సినిమా

రాజోలిలో చీరలు నేసే ఈరమ్మ పొద్దుగూకగానే మగ్గం దిగి, వేళ్లకంటిన జరీ పోగులు దులుపుకుని, కొంగుతో టీవీ అద్దం తుడిచి, గీతలు పడిన ఆ పాత సీడీనే పెడుతుంది. కూతురు వసంత మద్రాసు పోయి అరవంలోనూ మలయాళంలోనూ సినిమాలు చేసింది. నిరుడు విషజ్వరంతో అక్కడే కన్నుమూసింది. ఆమె సినిమాల సీడీలన్నీ ఇంట్లో ఉన్నా, ఈరమ్మ చూసేది మాత్రం వసంత మూగపిల్లగా వేసిన మలయాళం సినిమా ఒక్కటే. తెరమీద బిడ్డ సైగ చేస్తే ఈమె వేళ్లూ ఒడిలో అలాగే కదులుతాయి.

మొన్న పక్కింటి పద్మ ఉండబట్టలేక అడిగింది. "పెద్దమ్మా, అది మాట్లాడే సినిమాలు గన్ని ఉండంగ, రోజూ గీ మూగదే ఏంది?"

"వాటిల్ల అది నోరు తెరిస్తె ఎవలిదో గొంతొస్తది, పద్మా. దానికి ఆ భాషలు సరిగ రావని వేరేటోళ్లతోని చెప్పించిండ్రు. ఎంత ఎతికినా నా బిడ్డ మాట ఒక్కటి దొర్కలె. గీ దాంట్లనైతె నడుమ ఎవ్వలు రారు."

అప్పుడే తెరమీద వసంత చప్పుడు లేకుండా పెదవులు కదిపింది. ఈరమ్మ ముందుకు వంగింది.

"ఆఁ, ఇంటున్న బిడ్డా."