అవ్వ ఏడ్వలేదు

నారాయణఖేడ్ డిపోల కండక్టర్‌గ చేరినప్పటి నుంచి నా సంచిల టికెట్ మిషన్ పక్కన ఒక నోటుబుక్కు ఉంటది. బస్సు ఆగిన కాడ, డ్రైవర్ చాయ్ తాగేటంత సేపట్ల నాలుగు ముక్కలు రాసుకుంట. ఎక్కినోళ్ళ మాటలు, వాళ్ళ కొట్లాటలు, కిటికీల నుంచి కనబడ్డ పత్తి చేను. అట్ల నిండిన నోటుబుక్కులు ఇంట్ల బియ్యం డబ్బా మీద పేర్చి ఉన్నయి. మా ఆయన ఒకసారి వాటిని పక్కకు జరుపుకుంట, "ఎవరు చదవాలని రాస్తున్నవ్ ఇదంతా?" అని అడిగిండు.

"నాకోసమే" అన్న. అప్పటికే ఒకటి హైదరాబాద్‌ల వారపత్రికకు పంపిన. ఆ సంగతి ఆయనకు చెప్పలే.

పంపింది సిర్గాపూర్ అవతలి ఊరి ఒక అవ్వ గురించి. ప్రతి సోమవారం పొద్దటి బస్సుకు భర్తను తీసుకొని ఖేడ్ దవాఖానకు వస్తుండె. తాతకు షుగర్, కాలికి మానని పుండు, వారం వారం కట్టు మార్పించాలె. బస్సెక్కంగనే ఇద్దరికీ పంచాయితీ. తాత కిటికీ పక్కన కూసుంటడు, అవ్వకూ అదే జాగ కావాలె. "నాకు కడుపుల తిప్పుతది, జరుగు" అని ఆమె. "కాలు గుంజుతున్నది, నువ్వే జరుగు" అని ఆయన. దిగేదాక అదే ముచ్చట. ఒక్క వారం గూడ ఆమె గెలిచింది లేదు.

తాత పోయిన నెలకు, రేషన్ కార్డుల ఆయన పేరు తీయించే పని మీద అవ్వ ఒక్కతే ఎక్కింది. సక్కగ పోయి కిటికీ పక్కన కూసుంది. నేను టికెట్ కొట్టనీకి పోతే నా మొఖం చూసి, "ఇగ జరుగుమనేటోడు లేడు బిడ్డ" అని నవ్వింది. ముందు సీట్లోళ్ళు తిరిగి చూసేటంత గట్టిగ నవ్వింది. బస్టాండ్ల దిగి, నిలబడే రాసిన. రాసినంక రెండు రోజులు పానం నిమ్మళంగ ఉండె. ఆడికి ఆగితే అయిపోతుండె. నేను ఆగలే, పత్రికకు పంపిన.

పత్రికాయన ఫోన్ చేసిండు. "చాలా బాగా రాశారండీ. ఒక్కటే ఇబ్బంది. భర్త పోయిన ఆవిడ అలా నవ్విందంటే పాఠకులు ఒప్పుకోరు. కిటికీ దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుందని మార్చండి, వచ్చే ఆదివారమే వేసేద్దాం."

ఆలోచించి చెప్త అని ఫోన్ పెట్టేసిన. ఆలోచించిందేం లేదు. డిపోల బెంచీ మీద కూసొని నవ్వు కొట్టేసి ఏడుపు పెట్టిన. పది నిమిషాలు గూడ పట్టలే. అంత సులువుగ అయినందుకు లోపల ఏదో గుచ్చుకున్నది, అయినా జల్దీ జల్దీ పంపేసిన.

ఆదివారం అచ్చయింది. డ్రైవరన్న ఆ పేజీ తెచ్చి, "మన చెల్లె రాసింది, మన బస్సు ముచ్చటే" అని ఎక్కినోళ్ళందరికి చూపెట్టిండు. ఫోన్లల్ల ఫోటోలు తీసుకున్నరు. నా పేరు నేనే ఎన్నిసార్లు చదువుకున్ననో. బియ్యం డబ్బా మీదున్న నోటుబుక్కులన్నీ కలిసి గూడ నాకా సంబురం ఇయ్యలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలె.

ఆ పై వారం సోమవారం, రేషన్ కార్డు పని ఇంకా తెగక, అవ్వ మళ్ళ ఎక్కింది. కూసోలే. కడ్డీ పట్టుకొని నా ముందలనే నిలబడ్డది.

"ఏందే, నేనెప్పుడేడ్సిన?"

"అవ్వా, ఆ పత్రికాయన అట్ల రాయమన్నడు..."

"ఆయన బస్సుల ఉన్నడా? ఉన్నది నువ్వు, చూసింది నువ్వు, రాసింది నువ్వు." కోపమున్నది గానీ అంతకన్న ఎక్కువ అలసట ఉన్నది గొంతుల. "ఊర్లె నన్ను పరేషాన్ చేస్తున్రు. లేస్తె ఎవరో ఒకరొచ్చి పక్కన కూసొని, లోపల పెట్టుకోకు అవ్వా, ఏడువు అంటున్రు. కోడలు చేనుకు పోనిస్తలేదు. మంచిగనే ఉన్న అంటే నమ్ముతలేరు. పేపర్ల పడ్డది గదా అంటున్రు."

వెనుక నుంచి ఎవరో టికెట్ టికెట్ అని పిలుస్తున్నరు. పోయిన. ఒకరికే రెండుసార్లు టికెట్ కొట్టిన.

ఆ వారమంతా ఏం రాయబోయినా కలం కదల్లే. నాకోసం రాసుకునే పేజీల గూడ ఫోన్ల విన్న పత్రికాయన గొంతే వినబడుతుండె: ఇది ఒప్పుకుంటరా, ఇది ఒప్పుకోరా? ఒక వాక్యం రాసుడు, కొట్టేసుడు. మా ఆయన చూసి ఏమైందని అడిగితే ఆయన మీద కసిరిన. తర్వాత జరిగిందంతా చెప్పిన. ఆయన ఆ పాత నోటుబుక్కు తీసి నా చేతికిచ్చిండు. "ఆమెకు అసలుది చదివి వినిపించు" అన్నడు.

మళ్ళ సోమవారం సిర్గాపూర్‌ల బస్సు ఆగినప్పుడు అవ్వ పక్కన కూసొని నోటుబుక్కు తీసిన. కొట్లాటలు, కాలి కట్టు, జరుగు జరుగు అనుడు, చివరికి ఆ నవ్వు. చుట్టున్నోళ్ళు గూడ వింటున్నరు. తాత మాటలు వచ్చిన కాడ అవ్వ తల ఊపింది. అయిపోయినంక, "గిది నిజం" అన్నది. కొంచెం ఆగి, "గానీ ఎందుకు నవ్విన్నో రాయలేదు నువ్వు."

"ఎందుకు నవ్వినవ్ అవ్వా?"

"నాకేం తెల్సు? తెల్వదని రాయి."

బస్సుల విన్న మాట బస్సుల ఉంటదా. పక్క మండలం కల్హేర్ దాక పోయింది. మొగుడు పోతే ముసల్ది నవ్విందట అని. ఓదార్చేటోళ్ళు తగ్గిన్రు, తిట్టేటోళ్ళు మొదలైన్రు. నా వల్లనే మళ్ళ ఇట్లయిందని భయపడుకుంట అడిగితే, అవ్వ కొంగు సదురుకొని, "తిట్టనీ. చేనుకైతే పోతున్న" అన్నది.

తెల్వదన్న మాటతోనే నేను ఆ కథ మళ్ళ రాసిన. పత్రికాయనకు పంపితే, దీనికి ముగింపు లేదండీ, మొదటిదానిలాంటిది ఇంకోటి రాయండి అన్నడు. రాయనని గట్టిగ చెప్పలేకపోయిన, చూస్త అన్న. అదే కథను ఇంకో పత్రికకు పంపి ఇరవై రోజులైంది. బస్సు ఆగిన ప్రతి స్టేజీ కాడ ఫోన్ తీసి చూస్తున్న. వేసుకోకపోతే పాయె అనుకుంట, మళ్ళ తీసి చూస్త. నిన్న కొత్తది ఒకటి మొదలుపెట్టిన. రెండు పేజీలు చింపేసిన. మూడోది నేను చూసినట్టు రాసిన్నా, వాళ్ళు ఒప్పుకునేటట్టు రాసిన్నా తెల్వక, చింపాల్నా వద్దా అని ఇంకా సంచిలనే పెట్టుకొని తిరుగుతున్న.