సుల్తాన్ బజార్ సూత్రం, హామిల్టన్ పిస్టల్

అరచేతిలోకి వచ్చిన బేరాన్ని నా చేతులతో నేనే ఎలా కాల్చేసుకున్నానో చెబుతాను. నవ్వండి, కానీ చివరిదాకా ఆగి నవ్వండి. ఎందుకంటే చివర్లో గెలిచింది నేనే.

మేముంటున్న పరాయి దేశపు ఊరు హామిల్టన్ దగ్గర మా పిస్టల్ క్లబ్బులో గ్రాహమ్ అనే పెద్దాయన తన చిన్న సెమీ ఆటోమేటిక్ పిస్టల్ అమ్ముతానన్నాడు. లైసెన్సు వచ్చినా ఇంకా క్లబ్బు పిస్టల్ అరువడిగి కాల్చే అల్పజీవిని నేను. పట్టుకోగానే అది చేతిలో కుదురుకుంది. ట్రిగ్గర్ వెన్నలా కదిలింది. అడిగిన ధరకు అక్షరాలా తగిన సరుకు. ఆ మాట అక్కడే అనేసి ఉంటే ఈ గొడవే లేదు.

కానీ ఇంట్లో మా ఆవిడ సుజాత ఉందే! హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో చీరల కొట్లవాళ్లను బేరాలాడి ఏడిపించి వచ్చిన మనిషి.

"మంచిగుందని మొహంల కనపడనియ్యకు. వంకలు పెట్టు. లేచి నడువు. ఆయనే ఎన్కకు పిలుస్తడు," అంది.

మరుసటి వారం క్లబ్బులో మొదలుపెట్టాను. "గొట్టం పొట్టి. పట్టు లేదు. ఎటు కాలిస్తే ఎటో పోయేలా ఉంది." ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడట. నేను కొనబోయే మద్దెలనే ఓడన్నాను. లేచి నడిచాను.

"ఫెయిర్ ఎనఫ్, మేట్," అన్నాడు గ్రాహమ్.

అంతే. పిలుపు రాలేదు. కారు దాకా నడిచాను. కారెక్కి కూర్చున్నాను కూడా. చివరికి వాటర్ బాటిల్ మరిచిపోయినవాడిలా తిరిగొచ్చాను. ఆ పెద్దాయన పాపం దిగులుగా పిస్టల్‌నే చూస్తున్నాడు. నా వంకలన్నీ నిజమని నమ్మేశాడు!

"అంత పాడుదైతే పూర్తి ధర అడగడం అన్యాయం," అన్నాడు. "నువ్వే కాల్చి చూపించు. గురి తప్పితే సగానికి తీసుకో. తగిలితే నేను చెప్పిన ధర."

సగం! గురి తప్పడం నాకేమైనా కొత్తా? నా గుళ్లన్నీ కుడికి పోతాయని క్లబ్బంతటికీ తెలుసు. అక్కడే వచ్చింది చిక్కు. కుడికి పోతే తప్పు నాదంటారు. నేరం పిస్టల్ మీద పడాలంటే ఎడమకు పోవాలి. అందుకని ఎదురుగా ఉన్న గురి అట్ట ఎడమ అంచుకు గురిపెట్టి, గుళ్లన్నీ కాల్చేశాను.

గ్రాహమ్ అట్ట పట్టుకొచ్చాడు. చిల్లులన్నీ నట్టనడుమ, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. కుడికి లాగే నా పాత జబ్బు గుళ్లను ఎడమ అంచు నుంచి ఈడ్చుకొచ్చి సరిగ్గా మధ్యలో దింపింది.

"చూశావా, పిస్టల్‌లో ఏ లోపమూ లేదు. నీలోనూ లేదు!" అని గ్రాహమ్ నన్ను కావలించుకున్నాడు. క్లబ్బు కెప్టెన్ పరిగెత్తుకొచ్చాడు. "ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా ఇది? పోటీకి మన జట్టులో నువ్వున్నావు!"

పిస్టల్ కొనడానికి పర్మిట్ రాగానే పూర్తి ధర కట్టాను, ఏనుగెక్కినంత సంబరంతో. పోటీలోనూ ఎడమ అంచుకే గురిపెట్టి కప్పు కొట్టుకొచ్చాను.

"ఎంత తగ్గించిండు?" అంది సుజాత గుమ్మంలోనే. జరిగిందంతా చెప్పాను. కప్పునూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"గురి తప్పుడు గూడ చాతగాలె నీకు!"

కప్పు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కొనబోయే సరుకును ఇంకెన్నడూ నిందించను. గురి మాత్రం, ప్రాణం పోయినా సరే, నడిమధ్యకు పెట్టను.