బాపు సీట్లో బియ్యం బస్తా

దయ్యాలు, గాలి, సోకుడు... ఇవన్నీ పనిలేనివాళ్ల ముచ్చట్లని నా నమ్మకం. ఇప్పటికీ అంతే. బడిలో పిల్లలకు సైన్సు చెప్పి బతుకుతున్నాను. ఇది చదివి నన్ను తాయెత్తు కట్టించుకోమని ఎవరైనా సలహా ఇస్తే మర్యాదగా ఉండదు, ముందే చెప్తున్నా.

మాది తిరుమలగిరి. కారు బాపు, అంటే మా నాన్న, కొన్నది. ఆయనకు నడపడం రాదు, నేనే నడిపేదాన్ని. నా పక్క సీటు ఆయనది. ఎక్కడికైనా పోవాలంటే అందరికంటే ముందు ఎక్కి కూర్చునేవాడు. అమ్మ తలుపులకు తాళాలేసి వచ్చేలోపు ఓపిక పట్టలేక డోరు మీద వేళ్లతో కొట్టేవాడు. అమ్మ వెనక సీట్లో కూర్చుని దారంతా సణిగేది.

అంత తొందర మనిషి, ఛాతిలో నొప్పి వచ్చిన రోజు మాత్రం కదలలేదు. గ్యాస్ అన్నాడు, ఇంత సోడా తాగితే పోతదన్నాడు. నేను కారు స్టార్టు చేసి వాకిట్లో నిలబడి అరిచాను. రాలేదు. ఆ పొద్దుగూకేసరికి పోయాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

ఏడాది తిరక్కముందే అమ్మ కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కు వారానికి రెండుసార్లు సూర్యాపేట తీసుకుపోవాలి. సరిగ్గా అప్పుడే మొదలైంది చప్పుడు. ముందువైపు ఎడమ చక్రం దగ్గర, గుంత వచ్చినా స్పీడ్ బ్రేకర్ వచ్చినా టక్... టక్‌టక్. బాపు పోయినా అమ్మ మాత్రం ముందు సీట్లో కూర్చోలేదు. "మీ బాపు జాగాల నేనెట్ల కూసుంట?" అనేది. ఖాళీ సీటు కిందినుంచి చప్పుడు వస్తుంటే వెనక సీట్లోంచి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వినేది.

మెకానిక్ వెంకన్న దగ్గరికి తీసుకుపోయాను. లింకురాడ్లు మార్చాడు. పోలేదు. బుష్‌లు మార్చాడు. పోలేదు. తను నా పక్కన కూర్చుని తిరిగి చూస్తే చప్పుడే రాదు. "మేడం, బండి మంచిగనే ఉన్నది, మీరే ఎక్కువ ఫికర్ చేస్తున్నరు," అన్నాడు. ఒళ్లు మండింది. ఆడమనిషికి వినబడితే భ్రమ, మగవాడికి వినబడితే కంప్లయింటా అని గట్టిగానే అడిగాను. అప్పుడు దారికొచ్చాడు. ముందు సీట్లో మనిషి బరువు పడితే ఆ పక్క స్ప్రింగు అణిగి చప్పుడు ఆగుతుందేమో, ఏదైనా బరువు పెట్టి నడిపి చూడమన్నాడు. ఆ మాటలో సైన్సు ఉంది. నచ్చింది.

ఇంటికొచ్చి కొత్త బియ్యం బస్తా ఒకటి ఆ సీట్లో నిలబెట్టాను. బెల్టు పెట్టమని కారు కూస్తుంటే బస్తాకు బెల్టు కూడా పెట్టాను. ఊరిబయట దాకా తిరిగొచ్చాను. టక్... టక్‌టక్. వెంట్రుకవాసి తేడా లేదు. బరువు సంగతి కాదని తేలిపోయింది.

వాకిట్లో బండి ఆపేసరికి అమ్మ ఎదురుగా నిలబడి ఉంది. మా దగ్గర పెత్తర అమాసకు చనిపోయినవాళ్ల పేరు చెప్పి బియ్యం ఇస్తారు. నేను చదువుకున్న మొద్దును, ఆ సంగతే నాకు తట్టలేదు. అమ్మ ముఖం తెల్లబోయింది. "మీ బాపు పేరు మీద బియ్యం తెచ్చి ఆయన జాగాల్నే పెట్టినవా బిడ్డా? గిన్నొద్దుల సంది నన్ను పిలుస్తనే ఉన్నడు. ఇగ నేను దవాఖానకు రాను," అంది.

బస్తా అప్పుడే దించేశాను, అయినా నిజంగానే రాలేదు. పోవాల్సిన రోజు దాటిపోయింది. పాదాలు ఉబ్బాయి, ముఖం ఉబ్బింది, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. బతిమాలాను, తిట్టాను. గోడకు చెప్పినా వినేదేమో. నిమ్మకాయలు కోయించు, కోడిని దిప్పించు అని చుట్టాలు ఫోన్లు చేస్తుంటే మధ్యలోనే పెట్టేశాను. మొగుడు మొండికేసి పోయాడు, ఇప్పుడు పెళ్లాం అదే దారి పట్టింది. నడిమిట్ల నేనేం పాపం చేశాను?

మరునాడు పొద్దున, కారును వెంకన్నకు అప్పగించి ముందు చక్రాల కింద ఉన్నదంతా ఊడదీయించాలని బయటికొచ్చాను. తాళం ఇంకా నా చేతిలోనే ఉంది. ఇంజిను ఆగి ఉంది. బండి సిమెంటు వాకిట్లో కదలకుండా నిలబడి ఉంది.

టక్... టక్‌టక్.

కదలని బండికి సస్పెన్షన్ చప్పుడు రాదు, రాకూడదు. నాకు భయం వేయలేదు, కోపం నెత్తికెక్కింది. డోరు తీసి ఖాళీ సీటును చెడామడా తిట్టాను. "నువ్వు పోయినవ్, సాలదా? అమ్మను గూడ తీస్కపోతవా? ఎట్ల తీస్కపోతవో నేను జూస్త!" పక్కింటివాళ్లు గోడ మీదినుంచి చూశారు. చూడనీ అనుకుని డోరు ధడేలుమని వేశాను.

మళ్లీ కొట్టింది. ఈసారి చప్పుడు చక్రం దగ్గర లేదు, నేను వేసిన డోరులోనే ఉంది.

అరుగు మీద కూర్చున్న అమ్మ తలెత్తింది. కాసేపు చెవిపెట్టి విన్నది. "గది పిలుసుడు గాదు బిడ్డా," అంది. "జల్ది తయారుగమ్మని కొడుతుండు. నేను తాళమేస్తాంటే గిట్లనే గద, నా పానం తీసేటోడు." గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది. చీర మార్చుకుని, తలుపుకు తాళమేసి వచ్చి, ముందు సీట్లో కూర్చుంది. సూర్యాపేట దాకా ఒక్క చప్పుడు లేదు.

ఆ తర్వాత వెంకన్న అంతా ఊడదీసి చూశాడు. విరిగింది లేదు, వదులైంది లేదు. ఆగి ఉన్న బండి ఎట్లా కొట్టుకుందని అడిగితే, ఎండకు రేకు సాగి ఉంటదన్నాడు. పొద్దున పూట నీడలో ఉన్న బండికి ఎండ ఎక్కడిదని నిలదీశాను. స్పానర్లు సర్దుకుని బిల్లు రాశాడు.

అమ్మ ఇప్పటికీ డయాలసిస్‌కు వస్తుంది, ముందు సీట్లోనే. ఆలస్యమైతే "వస్తున్న, వస్తున్న" అని ఎవరికో చెప్తూ చెప్పులేసుకుంటుంది. నేను పట్టించుకోను. ఆ చప్పుడు ఏమిటో తెలియకపోయినా నేను బతకగలను. పెళ్లాన్ని దవాఖానకు ఇంత తొందరపెట్టిన మనిషి, ఆ రోజు ఇదే వాకిట్లో నేను కారు స్టార్టు చేసి గొంతు చించుకుంటుంటే ఎందుకు ఎక్కలేదు? అది చెప్పమనండి.